తిరిగొచ్చిన నౌక చెప్పేది వినాలి

2025 జూన్ రెండో వారంలో ఫ్లోరిడా తీరాన ఒక రాకెట్ ప్రయోగం ఆగిపోయింది. మన వాయుసేన పైలట్ శుభాంశు శుక్లాను మరో ముగ్గురితో కలిపి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేర్చాల్సిన ఫాల్కన్-9 అది. వేదిక మీదే ఇంజన్లు మండించి చూసే పరీక్షలో ద్రవ ఆక్సిజన్ కారుతున్నట్టు తేలింది. ఆ బూస్టర్ కొత్తది కాదు. ఏప్రిల్‌లో స్టార్‌లింక్ ఉపగ్రహాలను పైకి పంపి, క్షేమంగా దిగి, మళ్లీ సిద్ధమై వచ్చినదే. ఆ మొదటి తిరుగు ప్రయాణంలోనే లీకు కనిపించిందని, మరమ్మతు సమయంలో దాన్ని పూర్తిగా పట్టి సరిచేయలేకపోయామని స్పేస్‌ఎక్స్ ఉన్నతాధికారి విలియం గెర్‌స్టెన్‌మయర్ విలేకరుల ముందే చెప్పారు. అప్పుడు అక్కడే ఉన్న ఇస్రో బృందం, అధ్యక్షుడు వి.నారాయణన్‌తో సహా, లీకును పూర్తిగా సరిచేసే వరకు ఎగరడానికి ఒప్పుకోలేదు. జూన్ 11 నాటి ప్రయోగం వాయిదా పడింది. ఆపై అంతరిక్ష కేంద్రంలో రష్యా భాగపు గాలి లీకు వ్యవహారం తేలడానికి మరికొన్ని రోజులు పట్టింది. చివరికి జూన్ 25న శుక్లా వెళ్లారు, జూలై 15న పసిఫిక్ సముద్రంలో క్షేమంగా దిగారు.

మన దగ్గర ఇది వాయిదా వార్తగా వచ్చి వెళ్లిపోయింది. మనుషులను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌కు సిద్ధమవుతున్న దేశం ఆ ఏడాది నేర్చుకోవాల్సిన పాఠాల్లో మాత్రం ఇదే పెద్దదని నా నమ్మకం. పైకి వెళ్లి దిగిన యంత్రం, దారిలో తనకేం జరిగిందో ఒంటి మీద రాసుకొని వస్తుంది. ఆ రాత చదివేవారికి ఓపిక, చదివాక ఆపేవారికి అధికారం ఉంటే పాత యంత్రమే కొత్తదానికంటే నమ్మదగినదవుతుంది. ఆ రెండూ కొరవడితే అంతకు మించిన ప్రమాదం లేదు.

మళ్లీ మళ్లీ వాడే నౌక అనగానే మన చర్చలన్నీ ఖర్చు చుట్టూనే తిరుగుతాయి. కిలోకు ఎంత ఆదా, ఏడాదికి ఎన్ని ప్రయోగాలు, ఎవరు ఎవరికంటే చౌక అనే లెక్కలే వినిపిస్తాయి. ఉపగ్రహాల విషయంలో ఈ లెక్క సరిపోతుంది. పోయినా మరొకటి చేసుకోవచ్చు. మనుషులు కూర్చునే నౌక దగ్గర అదే లెక్క రెండో వరుసలోకి వెళ్లాలి. అక్కడ పునర్వినియోగం వల్ల కలిగే మొదటి లాభం డబ్బు కాదు, తెలివిడి. ఒకసారి వాడి వదిలేసే రాకెట్ నుంచి మన చేతికి వచ్చేవి సంకేతాలు మాత్రమే. వెల్డింగు దగ్గర సన్నగా నెర్రె విచ్చిందా, గొట్టం జాయింటు వదులైందా, కవచం ఒకవైపే ఎక్కువ కాలిందా అన్నది వస్తువు చేతికి వస్తే తప్ప తేలదు.

ఇలాంటి తెలివిడి మనుషుల ప్రాణాలకు ఎలా పనికొచ్చిందో చూడాలంటే, తెలుగు మూలాలున్న ఒక వ్యోమగామి ప్రయాణాన్నే చూడవచ్చు. రాజా చారి తండ్రి హైదరాబాదులో చదువుకొని అమెరికా వెళ్లినవారు. అమెరికా వైమానిక దళంలో టెస్ట్ పైలట్‌గా పనిచేసిన చారి, 2021 నవంబరు 10న క్రూ-3 యాత్రకు కమాండరుగా ఎండ్యూరెన్స్ అనే కొత్త స్పేస్‌ఎక్స్ డ్రాగన్ నౌకలో బయల్దేరారు. నౌక కొత్తదే అయినా, ఆయన భద్రతను గట్టిపరిచినవి అంతకుముందు తిరిగొచ్చిన రెండు పాత నౌకలు.

మొదటిది రెసిలియన్స్. 2021 సెప్టెంబరులో నలుగురు పౌరులను మూడు రోజులు కక్ష్యలో తిప్పి తీసుకొచ్చింది. దిగాక నేల పలకలు విప్పి చూస్తే కింద తడి కనిపించింది. మరుగుదొడ్డి నుంచి మూత్రాన్ని ట్యాంకుకు చేర్చే గొట్టం జిగురు అతుకు దగ్గర ఊడిపోయింది. ఫ్యాను ఆ ద్రవాన్ని నేల కింద అంతటా చిమ్మింది. లోపల ఉన్నవారికి ప్రయాణంలో ఆ సంగతి పెద్దగా తెలియనే లేదు. ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. వాసన రాకుండా మూత్రంలో ఒక రసాయనం కలుపుతారు. ఆ మిశ్రమం నెలల తరబడి అల్యూమినియం మీద నిలిచి ఉంటే లోహాన్ని తినేస్తుందా? అప్పటికే అలాంటి మరో నౌక ఎండెవర్ నలుగురు మనుషుల తిరుగు ప్రయాణం కోసం అంతరిక్ష కేంద్రానికి అతుక్కొని ఉంది. అందులోకి కెమెరా తీగ దూర్చి చూస్తే అక్కడా అదే తడి. భూమి మీద అల్యూమినియం ముక్కలను ఆ మిశ్రమంలో నానబెట్టి పరీక్షించారు. భయపడినంత తుప్పు లేదని తేలింది. అయినా చారి ఎక్కబోయే ఎండ్యూరెన్స్‌లో జిగురు అతుకు తీసేసి గొట్టాన్ని వెల్డింగు చేశారు.

రెండో సంగతి అంతకంటే ఉత్కంఠ కలిగిస్తుంది. చారి బయల్దేరడానికి రెండు రోజుల ముందు, నవంబరు 8న, ఎండెవర్ సముద్రంలో దిగింది. నాలుగు ప్రధాన పారాచూట్లలో ఒకటి విచ్చుకోవడానికి మిగతావాటికంటే నిమిషానికి పైగా ఆలస్యమైంది. వేగం మాత్రం హద్దుల్లోనే ఉంది. అయినా ఆ పారాచూట్లను వెలికితీసి, వీడియోలు, సమాచారం ముందేసుకొని, నిపుణులు వాటిని పరిశీలించాకే క్రూ-3కి పచ్చజెండా ఊపారు. ఎండ్యూరెన్స్ చారిని, ఆయన సహచరులను 2022 మే 6న తిరిగి తెచ్చింది. 2025 ఆగస్టు నాటికి మొత్తం నాలుగు యాత్రలు పూర్తిచేసింది.

నౌకను మళ్లీ సిద్ధం చేయడమంటే కడిగి ఇంధనం నింపడం కాదని దీన్నిబట్టే అర్థమవుతుంది. డ్రాగన్ దిగేది ఉప్పునీటిలో. ప్రతి యాత్రకూ కొత్త పారాచూట్లు కడతారు, వేడిని తట్టుకునే కవచం మారుస్తారు, సౌరఫలకాలుండే వెనుక భాగం ప్రతిసారీ కొత్తదే. కవాటాలను పరీక్షిస్తారు. తొలుత ఒక్కో నౌకకు ఐదు యాత్రల పరిమితి పెట్టుకొని, ఆ పైన అనుమతించాలంటే ఒక్కో భాగానికి విడిగా రుజువులు అడిగారు. కారు ఓడోమీటరు చూసి టైర్లు మార్చినంత సులువైన పని కాదిది.

పరీక్ష ఎంత లోతుగా జరగాలో 2019 ఏప్రిల్ 20 చెప్పింది. మార్చిలో మనుషులు లేకుండా అంతరిక్ష కేంద్రానికి వెళ్లి, చక్కగా తిరిగొచ్చిన డ్రాగన్ అది. ప్రమాద సమయంలో మనుషులను రాకెట్ నుంచి లాక్కెళ్లే ఇంజన్లను నేల మీద పరీక్షిస్తుండగా పేలి తునాతునకలైంది. ఒక కవాటం గుండా ఆక్సీకారక ద్రవం హీలియం గొట్టాల్లోకి చేరడం, అధిక పీడనంతో అది తోసుకొచ్చినప్పుడు టైటానియం కవాటం అంటుకోవడం కారణమని దర్యాప్తు తేల్చింది. టైటానియం అలా మండుతుందని అప్పటివరకు ఇంజనీర్లు ఊహించలేదు. ఆ నౌకను తిరిగి వాడాలని అనుకోకపోతే ఆ పరీక్షే జరిగేది కాదు. లోపం బయటపడేసరికి లోపల మనుషులు ఉండేవారేమో. మార్పులు చేశాక, 2020 మే 30న మొదటిసారి ఇద్దరు వ్యోమగాములు డ్రాగన్ ఎక్కారు. వాడిన డ్రాగన్‌లో మనుషులు మళ్లీ ఎక్కింది 2021 ఏప్రిల్ 23న.

ఇక విననప్పుడు ఏం జరిగిందో కూడా చరిత్రలో ఉంది. స్పేస్ షటిల్ మొదటిసారి ఎగిరింది 1981 ఏప్రిల్ 12న. దాని ఘన ఇంధన బూస్టర్లను సముద్రం నుంచి తీసి, విప్పి, మళ్లీ నింపి వాడేవారు. విప్పిన ప్రతిసారీ అవి ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాయి. రెండో యాత్ర నుంచే జాయింట్ల దగ్గరి రబ్బరు వలయాలు కాలిన గుర్తులు కనిపించాయి. 1985 జనవరిలో చలి రోజున ఎగిరిన బూస్టర్లలో వేడి వాయువులు వలయాన్ని దాటి వచ్చిన మసి స్పష్టంగా ఉంది. అయినా క్షేమంగా వచ్చింది కదా అన్న ధీమా పెరిగింది. లోపం కనిపించడమే మామూలైపోయింది. 1986 జనవరి 28న మరింత చలిలో చాలెంజర్ ఎగిరింది. 73 సెకన్లకే నౌక ముక్కలై ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. ముందు రోజు రాత్రి ఆ బూస్టర్లు తయారుచేసిన సంస్థ ఇంజనీర్లు వద్దని వాదించారు. చదివినవారున్నారు, ఆపే అధికారం వారికి లేకపోయింది.

కొలంబియా కథా అలాంటిదే. బయటి ట్యాంకు నుంచి నురుగు ముక్కలు ఊడి నౌకకు తగలడం అంతకుముందు యాత్రల్లో చాలాసార్లు చూశారు. 2002 అక్టోబరులో అట్లాంటిస్ ఎగిరినప్పుడు కూడా ముక్క ఊడింది. దాన్ని మరమ్మతు ఖాతాలో వేసుకున్నారు, ప్రాణాపాయం కింద లెక్కించలేదు. 2003 జనవరి 16న ఎగిరిన కొలంబియా ఎడమ రెక్క అంచుకు 82వ సెకనులో నురుగు తగిలింది. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక ముక్కలైంది. కర్నాల్ నుంచి వెళ్లిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. శ్రీహరికోట నుంచి 2002 సెప్టెంబరు 12న ఎగిరిన వాతావరణ ఉపగ్రహానికి ఆమె పేరు పెట్టుకున్నాం. ఆమె పోవడానికి కారణమైన అలవాటును మన వ్యవస్థలోకి రానివ్వకపోవడం అంతకంటే పెద్ద నివాళి అవుతుంది.

షటిల్‌ను మొదట అమ్మజూపినప్పుడు, రెండు వారాల్లో మళ్లీ ఎగురుతుందన్నారు. వాస్తవంలో ఎంత హడావుడి పడినా 54 రోజులకంటే తక్కువలో ఏనాడూ ఎగరలేదు. ఆ 54 రోజుల రికార్డు కూడా చాలెంజర్‌కు ముందుదే. నిర్ణీత తేదీకి లొంగిన తనిఖీ ఏపాటిదో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

తిరిగి రాని భాగం సంగతి వేరు. 2024 జూన్ 5న సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్‌లతో వెళ్లిన స్టార్‌లైనర్‌లో హీలియం లీకులు, చిన్న ఇంజన్ల వైఫల్యాలు కనిపించాయి. ఆ నౌకలో మనుషులుండే గది పదిసార్ల దాకా వాడేలా చేసినదే. లోపమున్న ఇంజన్లు మాత్రం సర్వీస్ మాడ్యూల్‌లో ఉన్నాయి. అది వాతావరణంలో కాలిపోతుంది. అంటే దోషి చేతికి చిక్కదు. అందుకే నౌక అంతరిక్ష కేంద్రానికి అతుక్కొని ఉండగానే వారాల తరబడి పరీక్షలు చేసి, చివరికి సెప్టెంబరులో ఖాళీగా దించారు. సునీత 2025 మార్చి 18న మరో నౌకలో తిరిగొచ్చారు. ఆ నిర్ణయాన్ని అప్పట్లో కొందరు పరువు నష్టం అన్నారు. నా దృష్టిలో చాలెంజర్ తర్వాత నేర్చుకున్న పాఠం ఆచరణలోకి వచ్చిన రోజు అది. గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష 2021 జూలై 11న వెళ్లిన నౌక వీఎస్ఎస్ యూనిటీ కూడా, తిరుగు దారిలో అనుమతించిన గగనతలం దాటి కొంతసేపు బయటికి పోయిందన్న కారణంతో దర్యాప్తు ముగిసే దాకా నేల మీదే ఉండాల్సి వచ్చింది.

మరి మన సంగతి? మనం ఈ విద్యలో ఓనమాలు దాటాం. 2007 జనవరి 10న పీఎస్ఎల్‌వీ-సీ7లో వెళ్లిన 550 కిలోల ఎస్ఆర్ఈ-1 గుళిక పన్నెండు రోజులు కక్ష్యలో ఉండి, జనవరి 22న బంగాళాఖాతంలో దిగింది. కక్ష్య నుంచి ఒక వస్తువును దించి చేతుల్లోకి తీసుకోవడం మనకు అదే మొదలు. 2014 డిసెంబరు 18న ఎల్‌వీఎం3 తొలి ప్రయోగంలో సుమారు 3.7 టన్నుల మానవ గది నమూనాను 126 కిలోమీటర్ల ఎత్తు నుంచి దించి అండమాన్ వైపు సముద్రంలో పట్టుకున్నాం. 2016 మే 23న శ్రీహరికోట నుంచి రెక్కల నౌక ఆర్ఎల్‌వీ-టీడీ 65 కిలోమీటర్ల ఎత్తుకెళ్లి, ధ్వని వేగానికి ఐదింతల వేగం నుంచి గాలిలో తేలుతూ సముద్రం మీద నిర్ణయించిన చోటికి చేరింది.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఆకట్టుకునేది పుష్పక్. చిత్రదుర్గ దగ్గరి పరీక్షా కేంద్రంలో 2023 ఏప్రిల్ 2న చినూక్ హెలికాప్టరు ఆ రెక్కల నౌకను నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలింది. అది తనంతట తానే దారి వెతుక్కొని రన్‌వే మీద దిగింది. పత్రికలు ఆ దిగడాన్ని రాశాయి. అసలు పని తర్వాత జరిగింది. నేలను తాకినప్పుడు చక్రాల కాళ్ల మీద, దేహం మీద ఎంత బరువు పడిందో కొలతలు తీసి చూశారు. ఆ గమనికల ఆధారంగా దేహాన్ని, ల్యాండింగ్ గేరును బలపరిచారు. కావలసిన ధ్రువీకరణలు పూర్తయ్యాక, అదే రెక్కల దేహాన్ని, అవే పరికరాలను 2024 మార్చి 22న మళ్లీ వదిలారు. ఈసారి దారికి 150 మీటర్లు పక్కగా వదిలినా సరిచేసుకొని దిగింది. మూడోసారి, జూన్ 23న, ఏ మార్పూ లేకుండా అదే నౌక. 500 మీటర్లు పక్కకు వదిలారు, గాలి కూడా గట్టిగా ఉంది. గంటకు 320 కిలోమీటర్లకు మించిన వేగంతో నేలను తాకింది. మామూలు ప్రయాణికుల విమానం దిగే వేగం సుమారు 260. వెనుక పారాచూట్ విచ్చుకొని వేగాన్ని 100కు తెచ్చాక బ్రేకులు పనిచేశాయి. దిగింది, చూశారు, బలపరిచారు, మళ్లీ పంపారు, ఆ తర్వాత మార్పు లేకుండానే పంపారు. మనుషులను మోసే నౌకకు కావలసిన క్రమశిక్షణ అంతా ఈ మూడు ప్రయోగాల్లో చిన్నపాటి రూపంలో ఉంది.

ఇప్పుడు ఆ క్రమశిక్షణ పెద్ద పరీక్షకు రాబోతోంది. గగన్‌యాన్ వ్యయం 2018లో అనుకున్న 9,023 కోట్ల నుంచి 2024 సెప్టెంబరులో 20,193 కోట్లకు పెరిగింది. మనుషులు లేని యాత్రలు ముందు, తొలి దానిలో వ్యోమమిత్ర అనే మానవాకార రోబో, ఆ తర్వాత 2027 లక్ష్యంగా మనుషులు. ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లాల పేర్లు 2024 ఫిబ్రవరిలోనే ప్రకటించారు. 2024 సెప్టెంబరులోనే కేంద్ర మంత్రివర్గం 8,240 కోట్లతో కొత్త తరం రాకెట్‌కు ఒప్పుకుంది. 30 టన్నులను సమీప కక్ష్యకు చేర్చే ఆ రాకెట్ మొదటి దశ తిరిగొచ్చి మళ్లీ ఎగరాలి. దాని కోసం శ్రీహరికోటలో సుమారు 3,985 కోట్లతో మూడో ప్రయోగవేదికకు 2025 జనవరిలో ఆమోదం వచ్చింది. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం, 2040కి చంద్రుడి మీద భారతీయుడు అన్నవి దేశం పెట్టుకున్న లక్ష్యాలు. వీటికి ప్రయోగాలు జరగాల్సింది మా పొరుగున, పులికాట్ సరస్సు అవతలి శ్రీహరికోట నుంచే.

శ్రీహరికోట కేంద్రమైన షార్‌లో పని జాగ్రత్తగానే సాగుతోందని చెప్పడానికి ఆధారాలున్నాయి. 2022 మే 13న మనుషులను మోసే రాకెట్ కోసం హెచ్ఎస్200 బూస్టరును అక్కడే 135 సెకన్లు మండించి చూశారు. 203 టన్నుల ఘన ఇంధనం అది. జాయింట్ల దగ్గర, మండించే ఏర్పాటు దగ్గర అదనపు భద్రత కల్పించారు. చాలెంజర్ పోయింది జాయింటు దగ్గరేనని గుర్తున్నవారే ఆ పని చేయగలరు. 2023 అక్టోబరు 21న, ఆపద వేళ గదిని రాకెట్ నుంచి తప్పించి చూసే టీవీ-డీ1 ప్రయోగంలో లెక్కింపు ఐదు సెకన్ల దగ్గర కంప్యూటరు ఆపేసింది. దేశమంతా టీవీల ముందు ఉంది. తొందరపడకుండా కారణం చూసుకొని, అదే ఉదయం పది గంటలకు ఎగరేశారు. రాకెట్ నుంచి విడిపోయిన గది పారాచూట్ల మీద సముద్రంలో దిగింది, నౌకాదళం దాన్ని చెన్నై రేవుకు చేర్చింది. 2025 ఆగస్టు 24న శ్రీహరికోట దగ్గర చినూక్ నుంచి సుమారు ఐదు టన్నుల నమూనాను వదిలి పారాచూట్ల వరుసను చూశారు. ఆ గదికి మొత్తం పది పారాచూట్లు. ప్రధానమైనవి మూడింటిలో ఒకటి విచ్చుకోకపోయినా రెండు చాలు.

గగన్‌యాన్ గదిని మళ్లీ వాడాలా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తొలి మానవ యాత్రలకు కొత్త గదులే ఉండాలి. ఉప్పునీటిలో మునిగిన లోహాన్ని, తీగలను, కవాటాలను మళ్లీ మనుషులకు నమ్మకంగా అప్పగించే అనుభవం మనకింకా రాలేదు. కానీ తిరిగొచ్చిన ప్రతి గదినీ రేపే మళ్లీ ఎగరబోతున్నట్టు తనిఖీ చేయాలి. వాడేది లేదు కదా అని ప్రదర్శనశాలకు పంపితే సగం సంపద వృథా. కవచం ఎక్కడ ఎంత కాలింది, పారాచూట్ తాళ్లలో ఏ పోగు తెగింది, గది లోపల తేమ ఎక్కడ నిలిచింది అన్నది ఒక్కో అంగుళం రికార్డు కావాలి. 2022 డిసెంబరులో చంద్రుడిని చుట్టి వచ్చిన అమెరికా ఒరాయన్ కవచం వందకు పైగా చోట్ల ఊహించని విధంగా పెచ్చులూడిపోయింది. అందులో మనుషులు లేరు. కారణం తేల్చడానికి రెండేళ్లు పట్టింది. తర్వాతి యాత్రలో మనుషులు తిరిగొచ్చే దారినే మార్చాలని 2024 డిసెంబరులో నిర్ణయించారు. ఆ గది దిగగానే జయజయధ్వానాలతో అద్దాల పెట్టెలోకి వెళ్లి ఉంటే?

ఇక్కడే ఇస్రోను గౌరవించేవాడిగా ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. 2025 మే 18న పీఎస్ఎల్‌వీ-సీ61 మూడో దశలో లోపంతో విఫలమైంది. 2026 జనవరి 12న సీ62 కూడా మూడో దశ దగ్గరే దారి తప్పింది. రెండో ప్రయోగం జరిగే నాటికి మొదటి వైఫల్యంపై దర్యాప్తు నివేదిక ప్రజల ముందుకు రాలేదు. నివేదిక బయటపెట్టి ఉంటే రెండో వైఫల్యం ఆగేదని నేను అనను. బయట ఉన్న అనుభవజ్ఞులు, విశ్రాంత ఇంజనీర్లు, విద్యాసంస్థలు దాన్ని చదివి ఒక్క ప్రశ్నైనా అడిగే అవకాశం మాత్రం పోయింది. ఆ రెండు రాకెట్లలో ఉన్నవి ఉపగ్రహాలు. రేపు గగన్‌యాన్‌ను మోసే ఎల్‌వీఎం3 పైన మనుషులుంటారు.

గోప్యత ఇస్రో సంప్రదాయం కాదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడినప్పుడు, అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్ యువ నాయకుడైన అబ్దుల్ కలాంను వెనుక ఉంచి, తానే విలేకరుల ముందుకు వచ్చి బాధ్యత తీసుకున్నారు. రెండో దశ నియంత్రణ కవాటం నుంచి ఆమ్లం కారిపోవడమే కారణమని తర్వాత అందరికీ తెలిసింది. 2021 ఆగస్టులో జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 విఫలమైతే, హైడ్రోజన్ ట్యాంకులో పీడనం తగ్గడానికి కవాటం లీకు ఎలా కారణమైందో ఇస్రో స్వయంగా ప్రకటించింది. ధావన్ పేరు పెట్టుకున్న కేంద్రం నుంచి మనుషులు ఎగరబోతున్నప్పుడు ఆయన చూపిన దారే కొలమానం కావాలి. అమెరికాలో 1967 నాటి అపోలో-1 అగ్నిప్రమాదం తర్వాత చట్టసభ ఒక స్వతంత్ర భద్రతా సలహా మండలిని పెట్టింది. అది ఏటా బహిరంగ నివేదిక ఇస్తుంది, నాసాను మొహమాటం లేకుండా తప్పుపడుతుంది. మన దగ్గరా సమీక్షా సంఘాలున్నాయి, వాటిలో మహానుభావులున్నారు. వారి మాట ఏటా పార్లమెంటు ముందుకు వచ్చే ఏర్పాటే లేదు.

పుత్తూరులో కూర్చొని ఇదంతా ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఇక్కడి నుంచి నాగలాపురం, సత్యవేడు, తడ మీదుగా సూళ్లూరుపేటకు బస్సు ప్రయాణమే. ప్రయోగం రోజు మేడలెక్కి తూర్పు వైపు చూసే ఊళ్లు మావి. మా ఊరి పేరు దేశానికి తెలిసింది ఎముకల కట్టుతో. రాచపాళెంలో కట్టు విప్పిన రోజున పెద్దాయన వెంటనే నడవమనడు. వేళ్లతో తడిమి చూస్తాడు, ఎక్కడ నొప్పి అని అడుగుతాడు, మెల్లగా వంచుతాడు, సందేహం ఉంటే మళ్లీ కట్టు వేసి రమ్మంటాడు. దిగివచ్చిన నౌకకు కావలసింది అలాంటి తడిమే చేయే. ఆ చేతికి అల్ట్రాసౌండ్, ఎక్స్‌రే, సన్న కెమెరా తీగలు తోడవుతాయి. వస్తువును పాడుచేయకుండా లోపం పట్టే ఆ పనిని పరిశ్రమలో ఎన్‌డీటీ అంటారు. దానికి పెద్ద పెద్ద పట్టాలకంటే శిక్షణ పొందిన కళ్లు, నిజాయితీగల సంతకం ముఖ్యం. ఐటీఐ, డిప్లొమా చదివిన మా నగరి, పుత్తూరు, నారాయణవనం పిల్లలు మగ్గాల షెడ్లలో పోగు తెగిన చోటును వినికిడితోనే పట్టే ఇళ్ల నుంచి వచ్చినవారు. వారికి ఈ విద్య నేర్పడం కష్టం కాదు.

ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూలైలో ఆమోదించిన అంతరిక్ష విధానంలో తిరుపతికి, లేపాక్షికి స్పేస్ సిటీలు ప్రకటించారు. భూములు, రాయితీల మాటలు చాలా వినిపిస్తున్నాయి. తిరుపతిలో అన్నిటికంటే ముందు రావలసింది తనిఖీ, పునరుద్ధరణ శిక్షణ కేంద్రం. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, గాదంకిలో పై వాతావరణపు గాలులను ఏళ్ల తరబడి కొలుస్తున్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, షార్ ఉంది. కొత్త తరం రాకెట్ మొదటి దశ తిరిగొచ్చే రోజుకు దాన్ని విప్పి చదవగల వెయ్యి చేతులు ఈ జిల్లాలో సిద్ధంగా ఉండాలి. రాకెట్ వచ్చాక మనుషుల కోసం వెతికితే, చదవడం తెలియని చేతులే దొరుకుతాయి.

అందుకే ఇస్రోకు, కేంద్ర ప్రభుత్వానికి విజ్ఞప్తి. మనుషులు లేకుండా వెళ్లి వచ్చే ప్రతి గగన్‌యాన్ గది తనిఖీ నివేదికను, దేశ భద్రతకు సంబంధించిన వివరాలు మినహాయించి, ప్రచురించండి. పీఎస్ఎల్‌వీ రెండు వైఫల్యాల నివేదికలను వెంటనే విడుదల చేయండి. ఫ్లోరిడాలో మన బృందం కనబరిచిన పట్టుదలకు శ్రీహరికోటలో చట్టబద్ధమైన అధికారం ఇవ్వండి. సందేహం వచ్చిన ఇంజనీరు ఎంత చిన్న హోదాలో ఉన్నా ప్రయోగాన్ని ఆపగలగాలి, ఆపినందుకు అతని ఉద్యోగానికి ముప్పు రాకూడదు. తొలి భారతీయ సిబ్బంది పేర్లతో ప్రయోగ తేదీ ప్రకటించడానికి ముందే ఈ పనులు పూర్తి కావాలి. తేదీ వాయిదా పడితే పడనివ్వండి, ఈ దేశం ఓపిక పడుతుంది.